ఏనుగు బొమ్మను కుట్టిన చేయి

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 9వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 9:36-42



యొప్పే పట్టణములో దొర్కా అను శిష్యురాలు ఉండెను. ఆమె ప్రసంగించినట్లు గాని, రాజుల ఎదుట నిలిచినట్లు గాని లేఖనములో లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు ఎదుట ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములను చూపించిరి. ఆమె జీవితమునకు ఆ కుట్టుపనియే సాక్ష్యమాయెను. మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడు. అయిదేండ్ల ప్రాయమున దాది చేతిలోనుండి పడి అతడు అట్లాయెను. అయినను దావీదు అతని ఉన్నచోటు తెలిసికొని, పిలువనంపి, తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను.

కాళ్లు లేనిదై, చేతి కుట్టుపనితో లోకమందలి పిల్లలను సంతోషపెట్టిన ఒక స్త్రీ చరిత్రను ఈ మాసము మీ ముందుంచుచున్నాము. ఆమె పేరు మార్గరెట్ స్టైఫ్. టెడ్డీ ఎలుగుబంటి అను మెత్తని బొమ్మను పట్టణపు దుకాణములలో మీరు చూచియుందురు. ఆ బొమ్మ మొదట పుట్టిన ఇండ్లలో ఆమె ఇల్లు ఒకటి.

బాల్యము

జర్మనీ దేశపు దక్షిణ భాగమున, అప్పటి వుర్టెంబర్గు రాజ్యములో, బ్రెంజ్ నది ఒడ్డున గీంగెన్ అను చిన్న ఊరు కలదు. అక్కడ ఫ్రీడ్రిక్ స్టైఫ్ అను ఇండ్లు కట్టు మేస్త్రికి 1847 జూలై 24న మార్గరెట్ జన్మించెను. నలుగురు బిడ్డలలో ఆమె మూడవది. మేరీ, పౌలీన్ అను ఇద్దరు అక్కలును, ఫ్రిట్జ్ అను తమ్ముడును ఆమెకుండిరి.

పదునెనిమిది మాసముల వయస్సున ఆ బిడ్డకు గొప్ప జ్వరము వచ్చెను. జ్వరము తగ్గినది గాని కాళ్లు కదలలేదు. కుడిచేయి కూడ బలహీనపడి, దానిని ఎత్తుటయే బాధయాయెను. ఆ రోగమును ఇప్పుడు మనము పోలియో అందుము. ఆ దినములలో దానికి మందు లేదు, టీకా లేదు. టీకా మందు 1955లో గాని లోకమునకు అందలేదు. మన దేశము పోలియో లేని దేశమని 2014లో ప్రకటింపబడినది. అంతకు మునుపు మన పల్లెలలో ఎన్ని ఇండ్లలో ఇట్టి బిడ్డలు నేలమీద ప్రాకుచు పెరిగిరో పెద్దలకు తెలియును.

తలిదండ్రులు ఆమెను వైద్యులయొద్దకు త్రిప్పిరి. 1856లో, ఆమెకు తొమ్మిదేండ్లు నిండవచ్చినప్పుడు, లుడ్విగ్స్‌బర్గు పట్టణములో వెర్నర్ అను వైద్యుడు పిల్లలకొరకు నడిపిన ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగెను. తరువాత విల్డ్‌బాడ్ అను ఊరిలోని వేడినీటి ఊటలయొద్ద ఆమెను ఉంచిరి. ఇంత చేసినను ఆమె లేచి నడువలేదు. జీవితాంతము ఆమె చక్రముల కుర్చీలోనే ఉండెను.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఆ ఇంటివారు ఆమెను మూల గదిలో దాచలేదు. తోడబుట్టినవారును వీధి పిల్లలును ఆమెను చిన్న బండిలో కూర్చుండబెట్టి బడికి లాగుకొనిపోయిరి. బడి మెట్లయొద్ద పెద్దవారు ఆమెను ఎత్తుకొని లోపలికి చేర్చుచుండిరి. ఆమె తెలివైనది, సరదాగా మాటలాడునది. బండిలో కూర్చుండియే చిన్నపిల్లలను చూచుకొనుచు, వారికి కొత్త ఆటలు కల్పించెను. తాను పరుగెత్తలేని పిల్ల, పరుగెత్తు పిల్లలకు ఆటలు నేర్పినది.

స్వస్థత లేని జవాబు

మార్గరెట్ పదునేడేండ్ల ప్రాయమున ఒక నిశ్చయమునకు వచ్చెను. ఇక స్వస్థతకొరకు ఊరూర తిరుగుటవలన తన మనశ్శాంతి పోవుటయే గాని మేలు లేదని గ్రహించి, తన స్థితిని దేవుని చేతినుండి అంగీకరించెను.

ఈ మాట చెప్పుటకు సుళువు గాని బ్రదుకుటకు కష్టము. మన సంఘములలో కొందరు, నయము కాని బిడ్డను చూచి, ఆ తలిదండ్రులకు విశ్వాసము చాలలేదని చెప్పుదురు. అట్టి మాట గాయముమీద ఉప్పువంటిది. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. ముల్లు తొలగలేదు. కృప దొరికెను. పౌలునకు విశ్వాసము తక్కువని ఎవడు చెప్పగలడు? మార్గరెట్‌కు దొరికిన జవాబు కూడ అట్టిదే. ఆ నిశ్చయముతో ఆమె కన్నీరు ఆగినదని మేము చెప్పము గాని, ఆమె చూపు మాత్రము కాళ్లమీదనుండి చేతులమీదికి మరలెను.

ఆమెకు కుట్టుపని నేర్చుకొనవలెనని కోరిక. తండ్రి సందేహించెను. కుడిచేయి సరిగా లేవని పిల్ల సూది ఎట్లు పట్టుననుకొనెను. ఆమె పట్టు విడువక కుట్టుబడికి పోయెను. మొదట ఆమె కుట్లు వంకరపోయినవి. అయినను అభ్యాసము చేసి, పదునేడవ యేట ఆ శిక్షణ ముగించెను. అక్కలు స్త్రీల దుస్తులు కుట్టు దుకాణము పెట్టుకొనియుండగా వారితో కూడ పనిచేసెను. జిథర్ అను తీగల వాద్యమును నేర్చుకొని, ఇతరులకు నేర్పి కొంత సొమ్ము సంపాదించెను.

కొంతకాలమునకు వారి ఇంటికి కుట్టు మిషను వచ్చెను. గీంగెన్ ఊరికి అదియే మొదటి మిషను. దాని చక్రము కుడిచేతితో త్రిప్పవలసినది. ఆమె కుడిచేయి అందుకు చాలదు. ఆమె మిషనును వెనుకకు త్రిప్పి పెట్టుకొని, ఎడమచేతితో చక్రము త్రిప్పుచు కుట్టెను. మిషను ఆమెకు తగినట్లు చేయబడలేదు గాని, ఆమె దానిని తనకు తగినట్లు అమర్చుకొనెను.

సూదుల మెత్తనుండి బొమ్మ వరకు

1877లో మార్గరెట్ సొంతముగా ఫెల్టు దుస్తుల దుకాణము పెట్టెను. ఫెల్టు అనగా ఏమో చెప్పవలెను. మన గొంగళి నూలువలె వడికి మగ్గముమీద నేయబడును. ఫెల్టు నేయబడదు. ఉన్నిని తడిపి, వేడిచేసి, ఒత్తి నలిపినయెడల వెండ్రుకలు ఒకదానితో ఒకటి పెనవేసికొని దళసరి గుడ్డ అగును. దానిని కత్తిరించినను అంచున పోగులు ఊడవు. ఆమె బంధువులకు ఆ ఊరిలో ఫెల్టు కర్మాగారముండెను గనుక సరుకు దగ్గరనే దొరికెను. ఆమె పావడాలును పిల్లల కోట్లును కుట్టి అమ్మెను. పని పెరిగి కొందరు స్త్రీలను కూలికి పెట్టుకొనెను.

1879 డిసెంబరులో ఒక జర్మను ఫ్యాషను పత్రికలో చిన్న ఏనుగు నమూనా అచ్చుపడెను. దానినిబట్టి ఆమె ఫెల్టు ముక్కలతో ఏనుగును కుట్టి, లోపల గొఱ్ఱె ఉన్ని కూరెను. అది ఆటబొమ్మ కాదు, కుట్టుపనివారు గుండుసూదులు గుచ్చి ఉంచుకొను చిన్న మెత్త. 1880లో ఆమె వాటిని కుట్టి స్నేహితులకు కానుకగా ఇచ్చెను.

కాని ఇండ్లలోని పిల్లలు ఆ ఏనుగులను తీసికొనిపోయి ఆడుకొనసాగిరి. అప్పటి బొమ్మలలో అనేకము చెక్కవి, రేకువి, పింగాణివి. పింగాణి బొమ్మ పడిన పగులును, రేకు బొమ్మ అంచు చేతిని కోయును. ఈ ఏనుగు మెత్తనిది. పసిబిడ్డ దానిని కౌగిలించుకొని నిద్రపోవచ్చును. ఆ సంగతి ఆమె కనిపెట్టెను. నమూనా ఆమెది కాదు, అది పత్రికలోనిది. సూదుల మెత్తలో పిల్లల బొమ్మను చూచిన కన్ను మాత్రము ఆమెది.

బొమ్మల వ్యాపారములో చేరుట ఆమెకు సుళువు కాదు. ఆ కాలమున జర్మనీ బొమ్మలకు పేరుపొందిన దేశము. న్యూరెంబర్గు, సోనెబర్గు మొదలైన చోట్ల తరతరములుగా బొమ్మలు చేయువారుండిరి. ఈమె చిన్న ఊరిలోని స్త్రీ, కుర్చీలోనుండి కదలలేనిది. సంతకు పోయి సరుకు పరచుకొని కూర్చుండుట ఆమెకు సాధ్యము కాదు. అందుకు తమ్ముడు ఫ్రిట్జ్ తోడ్పడెను. అతడు ఏనుగులను గోనెలో నింపి ప్రక్కనున్న హైడెన్‌హైమ్ సంతకు కొనిపోయి అమ్మివచ్చెను. చిన్నప్పుడు అక్క బండిని లాగిన తోడబుట్టినవారే, పెద్దయైన పిమ్మట ఆమె వ్యాపారపు బండిని కూడ లాగిరి.

1886 నాటికి ఒక్క సంవత్సరములోనే అయిదువేలకు పైగా ఏనుగులు అమ్ముడుపోయెను. ఏనుగు వెంట కోతి, గాడిద, గుఱ్ఱము, ఒంటె, పంది, కుక్క, పిల్లి, కుందేలు వచ్చెను. తమ్ముడు ఆమెకొరకు కొత్త ఇల్లు కట్టించి, క్రింద దుకాణము పెట్టి, చక్రముల కుర్చీ పోవుటకు ఏటవాలు దారి ఏర్పరచెను. 1892లో బొమ్మల చిత్రములతో మొదటి కేటలాగు అచ్చువేసిరి. 1893లో ఆ సంస్థ ఫెల్టు బొమ్మల కర్మాగారముగా నమోదాయెను. కాళ్లు లేని ఆమె చేతిపని అట్లు ఊరు దాటి పోయెను.

ఆమె పని నియమము

కొత్త బొమ్మ ఏదైనను మొదటి దానిని మార్గరెట్ తానే కుట్టి చూచెడిది. ఎక్కడ కుట్టు వీడునో, ఎక్కడ పిల్లల చేతికి గ్రుచ్చుకొనునో పరీక్షించి, లోపము సవరించిన తరువాతనే అమ్మకమునకు పంపెడిది. పిల్లలకు ఇచ్చునది అన్నిటికంటె మంచిదిగా ఉండవలెననునది ఆమె నియమము. పసిబిడ్డ సరుకు మంచిచెడ్డలు ఎంచలేదు. నాసి సరుకు అంటగట్టినను నోరు తెరచి అడుగలేదు. అడుగలేనివారి విషయములో నమ్మకముగా ఉండుటయే నిజమైన నమ్మకత్వము. తూకపు రాళ్లు సరిగా ఉండవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆమె తూకపు రాయి ఆమె సూదియే.

ఎలుగుబంటి

ఫ్రిట్జ్ కుమారులు ఒక్కొక్కరే పెద్దవారై మేనత్త పనిలో చేరిరి. వారిలో రిచర్డ్ 1877లో పుట్టినవాడు, చిత్రకళ నేర్చినవాడు. 1897లో అతడు ఆమెతో పనికి కుదిరెను. అతడు స్టట్‌గార్టు జంతుశాలకు పోయి ఎలుగుబంట్లను చూచి బొమ్మలు గీసికొనుచుండెను. 1902లో అతడు కొత్త తరహా ఎలుగుబంటిని తయారుచేసెను. అది మొహేరు అను మేక ఉన్నితో నేసిన బొచ్చుగుడ్డతో కుట్టబడినది. దాని తల, చేతులు, కాళ్లు కీళ్లయొద్ద తిరుగును. కూర్చుండబెట్టినను నిలువబెట్టినను ఉండును.

మేనత్తకు మొదట దానిమీద నమ్మకము కలుగలేదు. అది బరువైనది, ఖరీదైనది. అయినను ఆమె మేనల్లుని అడ్డగింపలేదు. 1903లో లైప్‌జిగ్ పట్టణపు వర్తక ప్రదర్శనకు ఆ ఎలుగుబంటిని తీసికొనిపోయిరి. వచ్చినవారు చూచి వెళ్లిపోయిరి గాని కొనలేదు. ప్రదర్శన ముగియుచుండగా అమెరికానుండి వచ్చిన ఒక వర్తకుడు దానిని చూచి మెచ్చి, మూడువేల ఎలుగుబంట్లు కావలెనని చెప్పెను.

అమెరికా వర్తకునికి అవి ఏల కావలసివచ్చెను? 1902 నవంబరులో ఆ దేశాధ్యక్షుడైన థియోడర్ రూజ్వెల్టు మిసిసిపీ రాష్ట్రమునకు వేటకు పోయెను. తోడివారు ఒక ఎలుగుబంటిని పట్టి చెట్టుకు కట్టి, కాల్చుమని ఆయనను కోరిరి. కట్టబడిన జంతువును కాల్చుట వేట కాదని ఆయన ఒప్పుకొనలేదు. ఆ సంగతి వార్తాపత్రికలో వ్యంగ్యచిత్రముగా పడి దేశమంతట పాకెను. ఆయన ముద్దుపేరు టెడ్డీ. బ్రూక్లిన్‌లో మారిస్ మిక్టమ్ అను దుకాణదారుడును అదే కాలమున ఎలుగుబంటి బొమ్మ చేసి ఆ పేరుతో అమ్మెను. సముద్రమునకు ఈ ప్రక్కను ఆ ప్రక్కను ఉన్నవారికి ఒకే తలంపు వచ్చెను గనుక ఆ ఘనతను ఇద్దరికిని పంచుటయే న్యాయము.

1904లో సెయింట్ లూయీ పట్టణపు ప్రపంచ ప్రదర్శనలో మార్గరెట్ సంస్థకు గొప్ప బహుమానము వచ్చెను, పండ్రెండువేల ఎలుగుబంట్లు అమ్ముడుపోయెను. అంతకు మునుపే, 1903లో, గీంగెన్‌లో ఇనుముతోను గాజుతోను కొత్త కర్మాగారము కట్టిరి. కుట్టువారి కన్నులకు పగటి వెలుతురు అందవలెనని గోడలన్నియు గాజుతో చేసిరి. ఆ కట్టడము ఇప్పటికిని నిలిచియున్నది.

పేరు వచ్చినచోట దొంగ సరుకు వచ్చును. ఆమె బొమ్మలను చూచి ఇతరులు నకళ్లు చేయసాగిరి. 1904లో ఫ్రాంజ్ అను మరియొక మేనల్లుడు ఒక ఉపాయము చెప్పెను. ప్రతి బొమ్మ ఎడమ చెవికి చిన్న లోహపు బొత్తాము బిగించవలెననెను. మొదటి బొత్తాములమీద ఏనుగు గుర్తే ఉండెను. వ్యాపారమును నిలిపిన ఆ మొదటి ఏనుగును వారు మరువలేదు.

1907లో ఒక్క సంవత్సరమున దాదాపు పది లక్షల ఎలుగుబంట్లు తయారాయెను. కర్మాగారములో నాలుగువందలమందియు, తమ తమ ఇండ్లలోనే కుట్టువారు పదునెనిమిది వందలమందియు ఆ పనివలన బ్రదికిరి. ఎవరికో భారమగునని అనుకొనబడిన బిడ్డ, రెండువేల రెండువందలమందికి పని ఇచ్చు యజమానురాలాయెను.

1906లో ఆమె తన సంస్థను కంపెనీగా ఏర్పరచి మేనల్లుండ్రను బాధ్యతలో నిలిపెను. 1909 మే 9న ఊపిరితిత్తుల వాపు జ్వరముచేత ఆమె మరణించెను. అప్పటికి ఆమెకు అరువది యొక సంవత్సరములు. ఆమె వివాహము చేసికొనలేదు, ఆమెకు బిడ్డలు లేరు. అయినను ఎన్ని ఇండ్లలో ఎందరు బిడ్డలు ఆమె చేతిపనిని కౌగిలించుకొని నిద్రించిరో లెక్కింపనలవి కాదు.

మనకు పాఠము

ఆమె పెద్ద వ్యాపారురాలైనది గనుక ఆమె బ్రదుకు విలువైనదని ఎవరును తలంపవద్దు. ఒక్క ఏనుగును అమ్మకపోయినను ఆమె దేవుని దృష్టికి అంతే విలువైనది. దావీదు మెఫీబోషెతును బల్లయొద్ద కూర్చుండబెట్టినది అతడు ఏదో సంపాదించిపెట్టునని కాదు, యోనాతానుతో చేసిన నిబంధననుబట్టియే. కావున వికలాంగుడైన బిడ్డ ఏమి చేయగలడని అడుగుటకు ముందు, ఆ బిడ్డకు మన బల్లయొద్ద చోటు ఇచ్చితిమా అని అడుగవలెను.

చోటు ఇచ్చిన పిమ్మట పని కూడ ఇయ్యవలెను. జాలి చూపి ఊరకుండుట సగము ప్రేమయే. మార్గరెట్ తండ్రి సందేహించినను ఆమెను ఆపలేదు. అక్కలు దుకాణములో చోటిచ్చిరి. తమ్ముడు గోనె మోసెను. వీధి పిల్లలు బండి లాగిరి. వీరిలో ఒక్కడైనను లేకపోయినయెడల ఆ ఏనుగు గీంగెన్ ఊరు దాటకపోవును. మన పల్లెలో నడువలేని బిడ్డ ఉన్నయెడల, ఆదివారమున ఆ బిడ్డను గుడికి ఎవరు తీసికొనివచ్చుచున్నారు? గుడి మెట్లయొద్ద ఏటవాలు దారి ఉన్నదా? బడికి పంపుటకు తల్లికి ఎవరు తోడ్పడుచున్నారు? నాలుగు బుట్టల ఇసుక, కొంచెము సిమెంటు, ఒక దినపు పని చాలును. పక్షవాయువు గలవానిని నలుగురు మోసి ఇంటికప్పు విప్పి దించిరి. మనము కప్పు విప్పనక్కరలేదు, మెట్టు సరిచేసిన చాలును.

ఇక మీలో చేతిపనివారు ఉన్నారు. బుట్టలు అల్లువారు, బట్టలు కుట్టువారు, వడ్రంగులు, కుమ్మరులు ఉన్నారు. మోషే చేతిలో ఉన్నది కఱ్ఱ మాత్రమే. విధవరాలి ఇంట ఉన్నది కొంచెము నూనె మాత్రమే. మార్గరెట్ ఒడిలో ఉన్నది ఫెల్టు ముక్క. మీ చేతిలో ఉన్నదానిని చిన్నదని విడిచిపెట్టకుడి. దానిని శ్రద్ధగా చేయుడి, లోపము దాచకుడి, దానితో పొరుగువాని బిడ్డ ఏమి చేయుచున్నాడో కన్ను తెరచి చూడుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన ఊరిలో ఇంటిలోనే ఉండిపోయిన బిడ్డ లేక పెద్ద ఎవరు? ఈ వారము వారిని చూడ ఎవరు పోవుదురు?

2. స్వస్థత రాని ఇంటివారితో మనము ఓదార్పు మాటలు పలుకుచున్నామా, నిందమాటలు పలుకుచున్నామా?

3. మనము అమ్ము సరుకును, చేయు పనిని, మన బిడ్డకే ఇయ్యవలసినట్లు చేయుచున్నామా?

దొర్కా సూదిని ఆశీర్వదించిన ప్రభువు మీ చేతుల పనిని స్థిరపరచును గాక.